ఎకో రిపోర్టు బాగుంది, మనిషి మాత్రం కోలుకోలేదు: హృద్రోగుల జీవన నాణ్యత గురించి ఒక వైద్యుడి జవాబు

మీరు రాసినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. అరవై రెండేళ్ల మీ నాన్నగారికి ఐదు నెలల క్రితం గుండెపోటు వచ్చింది, అదే రోజు స్టెంట్ వేశారు. ఇటీవలి ఎకో పరీక్షలో (ధ్వని తరంగాలతో గుండెను చూసే స్కాన్‌లో) ఎజెక్షన్ ఫ్రాక్షన్ 50 శాతం ఉందని, అంతా బాగానే ఉందని వైద్యులు చెప్పారు. అయినా ఆయన రోజంతా కుర్చీలోంచి లేవడం లేదు, కాస్త నడిచినా అలసట అంటున్నారు, పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చి ఊరుకుంటున్నారు. మెట్లెక్కితే ఏమవుతుందోనన్న భయంతో మీరే ఆయన పడకను పై అంతస్తు నుంచి కిందికి మార్చారు. రిపోర్టు బాగున్నప్పుడు మనిషి ఎందుకు బాగాలేరని, జీవన నాణ్యత అనేది మనసుకు సంబంధించిన విషయం మాత్రమేనా, ఆయుష్షు మీద కూడా దాని ప్రభావం ఉంటుందా అని మీరు అడిగారు.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. తన రోజులు ఎలా గడుస్తున్నాయని రోగి స్వయంగా చెప్పే మాటకు, అతను మళ్లీ ఆసుపత్రిపాలు కావడానికీ, ఎంతకాలం బతుకుతాడన్నదానికీ స్పష్టమైన సంబంధం ఉంది. అయితే ప్రాణానికి హాయినిచ్చే ప్రతి చికిత్సా ఆయుష్షును పెంచదు, ఆయుష్షును పెంచే ప్రతి చికిత్సా హాయినివ్వదు. హృద్రోగుల పునరావాస విభాగంలో చాలా ఏళ్లు పనిచేసిన వైద్యుడిగా నేను చూసినంతవరకు, కుటుంబాలు పడే గందరగోళంలో సగానికి సగం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేదే.

ముందుగా ఆ 50 శాతం సంగతి చూద్దాం. గుండెలోని ఎడమ జఠరిక నిండుగా ఉన్నప్పుడు దానిలో ఉండే రక్తంలో ఎంత భాగాన్ని ఒక్కో స్పందనలో బయటికి నెట్టగలుగుతోందో చెప్పే సంఖ్యే ఎజెక్షన్ ఫ్రాక్షన్. ఆరోగ్యవంతుల్లో కూడా ఇది సుమారు 50 నుంచి 70 శాతం మధ్యనే ఉంటుంది, నూరు శాతం ఎవరికీ ఉండదు. కాబట్టి 50 అంటే గుండె సగమే పనిచేస్తోందని అర్థం కాదు. నా దగ్గరికి వచ్చినవారిలో ఎంతోమంది ఈ ఒక్క అపోహతోనే నెలల తరబడి కుమిలిపోయారు, వారి రిపోర్టు చూసినవారెవరూ ఒక్క నిమిషం కూర్చుని ఆ సంఖ్యకు అర్థం చెప్పలేదు. మీ నాన్నగారు కూడా అలాగే అనుకుంటున్నారేమో ఒకసారి అడగండి.

ఆ సంఖ్య మంచిదే అయినా అది చెప్పగలిగేది తక్కువ. దాన్ని కొలిచేటప్పుడు రోగి కదలకుండా పడుకుని ఉంటాడు. మనిషి నడవాలంటే, మెట్లెక్కాలంటే శ్రమకు తగ్గట్టు గుండె వేగం పెరగాలి, ఊపిరితిత్తులు సహకరించాలి, రక్తంలో హిమోగ్లోబిన్ తగినంత ఉండాలి, అన్నిటికీ మించి కాళ్ల కండరాలు అందిన ప్రాణవాయువును వాడుకోగలగాలి. అందుకే 30 శాతం ఉన్నవారు తమ పనులన్నీ చేసుకుంటూ కనిపిస్తారు, 60 శాతం ఉన్నవారు నాలుగడుగులకే ఆయాసపడుతూ కనిపిస్తారు. ఈ రెండో తరహావారిలో కొందరికి లోపం గుండె ముడుచుకోవడంలో ఉండదు, గుండె సరిగా వదులై నిండకపోవడంలో ఉంటుంది, దాన్ని కూడా హార్ట్ ఫెయిల్యూర్‌లో, అంటే శరీరానికి చాలినంత రక్తాన్ని గుండె అందించలేని స్థితిలో, ఒక రకంగానే పరిగణిస్తారు.

రోగి మాటను కొలతగా తీసుకోవాలన్న ఆలోచన వైద్యంలో ఆలస్యంగానే వచ్చింది. న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ 1928లో ప్రవేశపెట్టిన నాలుగు తరగతుల విభజనను ఇప్పటికీ వాడుతున్నాం, కానీ అందులో రోగి ఏ తరగతికి చెందుతాడో నిర్ణయించేది వైద్యుడు. ఆ తర్వాత చాలాకాలానికి గాని రోగే స్వయంగా నింపే ప్రశ్నావళులు రాలేదు. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారి కోసం మిన్నెసోటా ప్రశ్నావళి ఉంది, అందులో 21 ప్రశ్నలుంటాయి, స్కోరు 0 నుంచి 105 వరకు ఉంటుంది, ఎక్కువ వస్తే బాధ ఎక్కువని అర్థం. ఛాతీనొప్పి ఉన్నవారి కోసం 1995లో సియాటెల్ ప్రశ్నావళి, హార్ట్ ఫెయిల్యూర్ రోగుల కోసం 2000లో కాన్సాస్ సిటీ ప్రశ్నావళి వెలువడ్డాయి. ఈ చివరిదానిలో స్కోరు 0 నుంచి 100 వరకు ఉంటుంది, ఎక్కువ వస్తే మంచిది, అయిదు పాయింట్ల తేడా వచ్చినా రోగి జీవితంలో గుర్తించదగిన మార్పు వచ్చినట్లే లెక్క. స్నానం చేయగలుగుతున్నారా, అలసట వల్ల ఇష్టమైన పని ఏదైనా మానుకున్నారా, మిగిలిన జీవితమంతా ఇలాగే గడపాల్సి వస్తే మీకెలా అనిపిస్తుంది వంటి సాదా ప్రశ్నలే ఇందులో ఉంటాయి. ఇలా వచ్చిన స్కోరు, ఎజెక్షన్ ఫ్రాక్షన్‌ను, వయసును, ఇతర జబ్బులను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, ఎవరు త్వరలో ఆసుపత్రిలో చేరతారో, ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో ముందుగా సూచించగలుగుతోందని పలు అధ్యయనాల్లో తేలింది. దీనిలో మాయ ఏమీ లేదు. యంత్రం పట్టుకోలేని క్షీణతను శరీరం ముందుగా పసిగడుతుంది, పైగా బతుకు మీద ఆసక్తి తగ్గిన మనిషి మందులు సరిగా వేసుకోడు, నడవడు, పొగతాగడం మానడు.

ఇప్పుడు ఈ కథలోని రెండో వైపుకు వద్దాం. 1998లో వెస్ట్ అనే అధ్యయనం ఫలితాలు ప్రచురితమయ్యాయి. తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 3,833 మందిలో కొందరికి వెస్నారినోన్ అనే మందు, కొందరికి మందులేని మాత్ర ఇచ్చారు. ఎక్కువ మోతాదులో మందు వాడినవారి జీవన నాణ్యత తొలి నెలల్లో స్పష్టంగా మెరుగుపడింది, కానీ మరణాలు కూడా వారిలోనే ఎక్కువయ్యాయి. గుండె బలహీనపడినవారికి బీటా బ్లాకర్లు, అంటే గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మందులు, ఇచ్చినప్పుడు జరిగేది దాదాపు దీనికి తలకిందులుగా ఉంటుంది. మొదటి వారాల్లో చాలామందికి నీరసం పెరిగి, 'ఈ మాత్ర వేసుకున్నాకే నాకు బాగాలేదు' అంటారు, కానీ 1999లో వెలువడిన సిబిస్-2, మెరిట్-హెచ్‌ఎఫ్ అధ్యయనాలు రెండింటిలోనూ అవి మరణాలను సుమారు మూడోవంతు తగ్గించాయి. రోగి అనుభూతినే ప్రమాణంగా తీసుకుని ఉంటే మనం మొదటి మందును నెత్తిన పెట్టుకుని, రెండోదాన్ని మూలన పడేసేవాళ్లం. రెండు ప్రయోజనాలూ ఒకేసారి ఇచ్చే మందులు కూడా ఉన్నాయి. మధుమేహం కోసం మొదట తయారైన డాపాగ్లిఫ్లోజిన్, 4,744 మంది పాల్గొన్న డాపా-హెచ్‌ఎఫ్ అధ్యయనంలో మరణాలనూ ఆసుపత్రి చేరికలనూ తగ్గించింది, రోగుల స్కోరునూ పెంచింది.

స్టెంట్ల విషయంలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది, ఇక్కడ మీరు కాస్త జాగ్రత్తగా చదవాలి. గుండెపోటు వచ్చిన గంటల్లో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి స్టెంట్ వేయడం ప్రాణం కాపాడే చికిత్స, మీ నాన్నగారికి జరిగింది అదే, దానిపై సందేహం అక్కర్లేదు. కానీ గుండెపోటు లేకుండా, శ్రమపడినప్పుడు మాత్రమే ఛాతీనొప్పి వచ్చే స్థిరమైన జబ్బులో పరిస్థితి వేరు. 2007లో ప్రచురితమైన కరేజ్ అధ్యయనంలోనూ, 5,179 మందితో జరిగి 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలోనూ, మంచి మందులకు తోడుగా స్టెంట్ లేదా బైపాస్ చేర్చినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. అలాగని అది వృథా కాదు. ఇస్కీమియాలో వారానికి ఒకసారైనా నొప్పి వచ్చేవారిని విడిగా చూస్తే, ఏడాది తర్వాత నొప్పి పూర్తిగా పోయినవారు స్టెంట్ లేదా బైపాస్ కూడా చేర్చిన పద్ధతిలో సుమారు 50 శాతం, మందులు మాత్రమే వాడినవారిలో సుమారు 20 శాతం. మొదటి నుంచీ నొప్పి లేనివారికి చెప్పుకోదగ్గ మేలేమీ కనిపించలేదు. అంటే అటువంటి రోగి స్టెంట్ వేయించుకోవడం ఆయుష్షు కోసం కాదు, నొప్పి లేని రోజుల కోసం. ఆ కారణం చిన్నదేమీ కాదు, కానీ రోగికి ఆ మాట ముందే తెలియాలి. రేపు మీ నాన్నగారికి మరో రక్తనాళంలో అడ్డంకి ఉందని ఎవరైనా చెబితే, 'ఇది బతుకును పొడిగించడానికా, బతుకును తేలిక చేయడానికా' అని అడగండి. జవాబు స్పష్టంగా వచ్చేదాకా, అత్యవసరం కానప్పుడు, మీరు తొందరపడనక్కర్లేదు.

ఇక ఆయన అలసట గురించి చెబుతాను. ఇటువంటి అలసటకు ఒకే కారణం ఉండటం అరుదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మందుల వల్ల బీపీ మరీ తగ్గడం, రాత్రి నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం, ఇవన్నీ సాధారణ పరీక్షలతో తేలేవే, కాబట్టి ముందు వాటిని చూడమని వైద్యుణ్ని కోరండి. ఆయన గట్టిగా గురక పెడుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి, ఇంట్లోవారు చెప్తే తప్ప వైద్యుడికి తెలిసే అవకాశం లేని విషయం అది.

బీటా బ్లాకర్ మీద కూడా ఒకసారి మాట్లాడాలి. గుండెపోటు వచ్చిన ప్రతివారికీ ఈ మందును ఏళ్ల తరబడి ఇవ్వడం చిరకాలంగా ఉన్న అలవాటు. అయితే 2024లో వెలువడిన రెడ్యూస్-ఎఎంఐ అధ్యయనంలో, గుండెపోటు తర్వాత కూడా ఎజెక్షన్ ఫ్రాక్షన్ 50 శాతం లేదా ఆపైన నిలిచిన 5,020 మందిలో, ఈ మందు మరణాలను గాని మరో గుండెపోటును గాని తగ్గించలేకపోయింది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ ఏకాభిప్రాయంతో లేవు. పైగా మీ నాన్నగారికి మొదట్లో ఆ సంఖ్య తక్కువగా ఉండి తర్వాత పెరిగి ఉంటే లెక్క మారుతుంది, గుండె లయ తప్పడం వంటి వేరే కారణం వల్ల ఇచ్చి ఉంటే ఇంకా మారుతుంది. అందువల్ల 'ఈ మందు ఆయనకు ఇంకా అవసరమా, మోతాదు తగ్గించవచ్చా' అని అడగడం న్యాయమైన ప్రశ్న, మీరంతట మీరే ఆపేయడం మాత్రం ప్రమాదం. దీన్ని హఠాత్తుగా ఆపితే గుండె ఒక్కసారిగా వేగం పుంజుకుని నొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. స్టెంట్ మూసుకుపోకుండా ఇచ్చే రక్తం పలచబరిచే మాత్రల విషయంలోనైతే వైద్యుడి మాట లేకుండా ఒక్క రోజు కూడా మానకూడదు.

ఇవన్నీ చూశాక కూడా మిగిలే పెద్ద కారణం, నా అనుభవంలో, కదలకపోవడమే. 1966లో డల్లాస్‌లో ఇరవయ్యేళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచి పరీక్షించారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే, శ్రమించే శక్తిని ఆ మూడు వారాల పడక దెబ్బతీసినంతగా ముప్పై ఏళ్ల వయసు కూడా దెబ్బతీయలేదని తేలింది. ఇరవయ్యేళ్లవారి సంగతే అలా ఉంటే, అరవై రెండేళ్ల మనిషి ఐదు నెలలు కూర్చుంటే ఏమవుతుందో ఊహించండి. ఆ అలసటను ఆయన గుండె బలహీనతగా అర్థం చేసుకుంటారు, భయపడి ఇంకా తక్కువ కదులుతారు, కండరం ఇంకా కరుగుతుంది. ఒకప్పుడు వైద్యులే ఈ తప్పు చేశారు. గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనివ్వని కాలంలో, శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అనే వైద్యులు 81 మంది రోగులను తొలి రోజుల్లోనే లేపి కుర్చీలో కూర్చోబెట్టి, దాని వల్ల కీడు జరగలేదని 1952లో ప్రకటించారు. అప్పట్లో మంచం నుంచి విడిపించిన ఆ కుర్చీయే మీ ఇంట్లో ఇప్పుడు మంచంగా మారింది.

దీనికి మందు పర్యవేక్షణలో జరిగే వ్యాయామ పునరావాసం. వైద్య అధ్యయనాలను కలిపి విశ్లేషించే కోక్రేన్ సంస్థ సమీక్ష ఒకటి 2021లో వెలువడింది, అది 85 అధ్యయనాలను, 23 వేలకు పైగా రోగులను పరిశీలించి, ఇది గుండెజబ్బు వల్ల కలిగే మరణాలను, మళ్లీ గుండెపోటు రావడాన్ని, ఆసుపత్రి చేరికలను తగ్గిస్తుందని తేల్చింది. జీవన నాణ్యత కూడా మెరుగుపడుతుంది. నేను మొదట చెప్పిన రెండు ప్రయోజనాలూ కలిసివచ్చే చికిత్సల్లో ఇది ఒకటి, అయినా అన్నిటికంటే తక్కువగా రాసిచ్చేదీ ఇదే. ముందుగా ట్రెడ్‌మిల్ వంటి శ్రమ పరీక్ష చేసి, ఎంతవరకు శ్రమపడితే సురక్షితమో నిర్ణయిస్తారు. ఆ తర్వాత రెండు మూడు నెలలపాటు వారానికి కొన్నిసార్లు నడక, సైకిలు, తేలికపాటి బరువులు చేయిస్తారు, వాటితోపాటు ఆహారం, మందులు, ఆందోళన గురించి మాట్లాడతారు. మీకు అందుబాటులో అటువంటి కేంద్రం లేకపోతే, శ్రమ పరీక్ష తర్వాత వైద్యుడి అనుమతితో ఇంటి నుంచే నడక మొదలుపెట్టవచ్చు. మొదట ఐదు పది నిమిషాలు, కొద్ది రోజులకోసారి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోవాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి చాలకూడదు, అదే సరైన వేగం. ఛాతీలో బిగుతు, చెమటలు, కళ్లు తిరగడం, లయ తప్పిన దడ కనిపిస్తే వెంటనే ఆపాలి, బిగుతు తగ్గకపోతే అత్యవసర సహాయం పిలవాలి.

ఆయన మౌనం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. గుండెపోటు వచ్చినవారిలో సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన మానసిక కుంగుబాటు వస్తుంది. దాన్ని 'ఇంత పెద్ద గండం గడిచాక ఆ మాత్రం దిగులు ఉండదా' అని కొట్టిపారేస్తాం. 1993లో మాంట్రియల్ పరిశోధకులు 222 మంది రోగులను గమనించి, గుండెపోటు తర్వాత కుంగుబాటులో ఉన్నవారికి ఆరు నెలల్లోపు మరణించే ముప్పు మిగిలినవారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువని చూపారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో దీన్ని ముప్పు పెంచే అంశంగా గుర్తించాలని సూచించింది. అయితే ఇక్కడా ఆ పాత చిక్కే ఎదురవుతుంది. 2,481 మందితో జరిగిన ఎన్‌రిచ్డ్ అధ్యయనంలో కౌన్సెలింగ్ వల్ల దిగులు తగ్గింది గాని మరణాలు తగ్గలేదు. నా దృష్టిలో అది చికిత్స మానడానికి కారణం కాదు, దిగులు తగ్గడమే ఒక ఫలితం. కుంగుబాటుకు ఇచ్చే సెర్ట్రలిన్ వంటి మందులు గుండెజబ్బు ఉన్నవారికి సురక్షితమని పరీక్షల్లో తేలింది, పాత తరం ట్రైసైక్లిక్ మందులను మాత్రం వీరికి సాధారణంగా ఇవ్వరు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, మనసు దిగులుగా, నిరాశగా ఉంటోందా అన్న రెండు ప్రశ్నలు ఆయన్ని నెమ్మదిగా అడగండి. రెండింటిలో ఏ ఒక్కదానికైనా తరచుగా అవునని జవాబు వస్తే, వచ్చేసారి వైద్యుడికి చెప్పాల్సిన మొదటి విషయం ఎకో రిపోర్టు కాదు, ఇదే. బతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే వచ్చేసారి దాకా ఆగవద్దు, అదే రోజు తీసుకెళ్లండి.

మీరు అడగలేని, ఆయన చెప్పుకోలేని విషయం ఒకటుంది. దాంపత్య జీవితం గురించిన భయం చాలామంది మగవారిని, వారి భార్యలను లోలోపల తినేస్తుంది. స్థిరంగా ఉన్న రోగి ఆయాసం, నొప్పి లేకుండా రెండు అంతస్తుల మెట్లు చురుగ్గా ఎక్కగలిగితే, ఆ శ్రమను కూడా సాధారణంగా తట్టుకోగలడు. ఛాతీనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ వంటి మందులు వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది, కాబట్టి అది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు. మీ అమ్మగారు లోపలికి రాకముందు ఒక రెండు నిమిషాలు వైద్యుడు ఆయనతో ఒంటరిగా మాట్లాడేలా చూడండి, ఆ తర్వాత అమ్మగారితో కూడా. పొగతాగడం విషయం మీరు రాయలేదు. ఆ అలవాటు ఉంటే, గుండెపోటు తర్వాత మానినవారిలో మరణాలు మూడోవంతుకు పైగా తగ్గాయని 2003 నాటి సమీక్ష ఒకటి చెబుతోంది, అంతటి మేలు చేసే మాత్రలు తక్కువ.

చివరగా మీరు మార్చిన పడక సంగతి. ఆ పని ప్రేమతోనే చేశారు, కానీ ఇంట్లో అందరూ ఆయన చేతిలోని బరువు అందుకుంటుంటే, మెట్ల దగ్గర అడ్డంపడుతుంటే, తన గుండె ఏ క్షణాన్నయినా ఆగిపోతుందని మీరందరూ నమ్ముతున్నారని ఆయన అర్థం చేసుకుంటారు. వైద్యుడి దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద, గుండెపోటుకు ముందు ఆయన చేసే పనులేమిటో, వాటిలో ఏవి మానేశారో, మానడానికి కారణం అలసటా, భయమా, ఆసక్తి లేకపోవడమా, లేక మీరే వద్దన్నారా అన్నది ఆయన చేతే రాయించండి. శ్రమ పరీక్ష చేయమని అడగండి, అది జరిగేటప్పుడు వీలైతే మీరూ ఆ గదిలో నిలబడి చూడండి. ఆయన గుండె ఎంత శ్రమను తట్టుకుందో కళ్లారా చూస్తే మీ భయం కూడా కొంత తగ్గుతుంది. ఫలితం బాగుండి వైద్యుడు సరేనంటే, మొదటి రోజు ఆయన వెనకాలే మెల్లగా మీరూ మెట్లెక్కండి, మధ్యలో ఆగాలనిపిస్తే ఆగనివ్వండి, ఆ వారంలోనే పడకను మళ్లీ పైకి చేర్చండి.